సెకండ్ హ్యాండ్ ఇంజన్ రివ్యూ: 2016 మోడల్ అన్నారు, వయసు లెక్క నేనే తీశా

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు అడగొద్దు, చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. విజయవాడ ఆటోనగర్లో కటింగ్ బండ్ల (తుక్కుకి కోసేసిన బండ్ల) ఇంజన్లు అమ్మే షాపుల్లో ఒకటి అనుకోండి చాలు. 2024 జూన్‌లో మా స్విఫ్ట్ డీజిల్‌కి అక్కడ పాత ఇంజన్ కొన్నా, బిగించాక ఇప్పటికి పధ్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది, కాబట్టి కొన్న వేడిలో రాసేస్తున్న రివ్యూ కాదు. ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో అదే కథంతా.

మాది 2012 వీడీఐ. చుట్టాల పెళ్ళికి వెళ్ళొస్తుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డు మీద పడున్న రాయి ఛాంబర్‌కి (ఇంజన్ కింద ఆయిల్ ఉండే గిన్నెకి) తగిలింది, ఠంగ్ మని శబ్దం వచ్చింది, దిగి చూస్తే చీకట్లో ఏం కనపడలా. కాసేపటికి ఆయిల్ లైటు వెలిగింది. మా ఆవిడ ఆపమంది. ఇంకెంత దూరం, ఇంటికెళ్ళాక చూద్దాంలే అన్నా. ఆ "లే" ఖరీదు నాకు దాదాపు లక్ష రూపాయలు. గన్నవరం దాటాక టకటకా కొట్టుకుని బండి ఆగిపోయింది, తెల్లారి మా మెకానిక్ బాబాయ్ ఛాంబర్ విప్పి బేరింగ్ ముక్కలు అరచేతిలో పెట్టి చూపించి "ఆయిల్ లైట్ వెలిగితే కీ తిప్పి ఆపాలిరా, టాపిక్ మార్చకూడదు" అన్నాడు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పోయింది, ఒక బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) గీసుకుపోయింది. అన్నీ కొత్తవేసి కట్టాలంటే ఎనభై ఐదు, తొంభై వేలు అన్నాడు, ఫుల్ ఇంజన్ పాతది దొరికితే అరవై ఐదులో అయిపోద్దన్నాడు. సరే ఆటోనగర్ పద అన్నా.

ఆటోనగర్ తెలియని బెజవాడోడు ఉండడు కానీ ఇంజన్ల సందుల్లోకి వెళ్ళడం నాకదే మొదటిసారి. మనిషెత్తు ర్యాకుల్లో ఇంజన్లు, కింద ఆయిల్‌తో నల్లగా జారిపోయే నేల, ఒకడు బండి తలకాయ కోస్తుంటే నిప్పురవ్వలు, పక్కనే టీ. షాపు ఓనర్ గారు మర్యాదగానే మాట్లాడారు, నిజం చెప్పాలంటే నేను తిరిగిన నాలుగు షాపుల్లో కూర్చోమని కుర్చీ వేసింది ఈయనొక్కడే. రెండు ఇంజన్లు చూపించారు. మొదటిది మిలమిలా మెరుస్తోంది, డీజిల్‌తో కడిగి అల్యూమినియం మీద సిల్వర్ పెయింట్ కూడా కొట్టారు, "2016 మోడల్ సార్, అరవై వేలే తిరిగింది, ఢిల్లీ బండి, 68 వేలు". రెండోది మూలన జిడ్డోడుతూ ఉంది, "అది 2017, 62కి ఇచ్చేస్తా". నాకు వెంటనే వచ్చిన డౌట్, కొత్తది తక్కువ రేటేంటి, పాతది ఎక్కువ రేటేంటి అని. అడిగితే "అది కమర్షియల్ సార్" అన్నారు, అంటే టాక్సీగా తిరిగిందని, దాచలేదు, అది ఆయన ఖాతాలో మంచి మార్కే.

ఇప్పుడు అసలు విషయం. ఇంజన్‌కి వయసు ఎలా తెలుస్తుంది? బండికైతే ఆర్సీ ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం దానిమీదే ఉంటాయి. బండి లోంచి పీకిన ఇంజన్‌కి ఆ కాయితం కూడా వస్తే సరి, రాకపోతే ఓనర్ నోట్లో ఏ సంవత్సరం వస్తే అదే దాని పుట్టిన సంవత్సరం. మీటర్ కూడా బండితోనే పోయింది కాబట్టి "అరవై వేలు తిరిగింది" అనేదానికి సాక్ష్యం సున్నా. ఆన్‌లైన్‌లో చాలామంది ఛాసిస్ నంబర్లో పదో అక్షరం చూడమంటారు, 2010కి ఏ, 2011కి బి, అలా 2013కి డి, 2016కి జి వస్తుందని. ఆ పద్ధతి ఉన్నమాట నిజమే కానీ మన దేశంలో అన్ని కంపెనీలూ సంవత్సరాన్ని ఆ పదో స్థానంలోనే పెట్టవు, పైగా అది బాడీ నంబర్, బాడీ ఎప్పుడో తుక్కులోకి పోయింది, నేల మీద ఒంటరిగా పడున్న ఇంజన్‌కి దాంతో పనేముంది.

మా బాబాయ్ మొదట వేసిన లెక్క భలే నచ్చింది నాకు. ఈ ఇంజన్ స్విఫ్ట్‌లో మొదలైందే 2007లో, మారుతీ డీజిల్ బండ్లు మొత్తం ఆపేసింది 2020 ఏప్రిల్లో, అంటే ఎవడు ఏం చెప్పినా దీని వయసు నాలుగుకీ పదిహేడుకీ మధ్యనే ఉండాలి, ఇక ఆ మధ్యలో ఎక్కడనేదే వెతుక్కోవాలి. అసలిది మారుతీ సొంత ఇంజన్ కాదు, ఫియట్ వాళ్ళ మల్టీజెట్, 1248 సీసీ, మారుతీకి మనేసర్లో తయారయ్యేది, వీళ్ళు పెట్టుకున్న పేరు డి13ఏ. టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియా, అన్నిట్లో ఈ కుటుంబమే, అందుకే కార్ల పిచ్చోళ్ళు దీన్ని నేషనల్ ఇంజన్ అని ముద్దుగా పిలుచుకుంటారు. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లది 75 గుర్రాల ఇంజన్, ఎర్టిగా, సియాజ్‌లది 90ది, టర్బో వేరు. మనకి 75దే కావాలి. ముందు బ్లాక్ మీద చదునుగా ఉన్న చోట కొట్టిన నంబర్ చూసుకోవాలి, డి13ఏ అని మొదలై తర్వాత ఏడంకెలు ఉండాలి, అక్కడ గ్రైండర్ పెట్టిన గీతలు ఉన్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా, ఎంత చౌకగా ఇచ్చినా వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి. ఇక్కడ రెండు ఇంజన్లకీ నంబర్లు శుభ్రంగానే ఉన్నాయి.

ఓనర్ గారు తనంతట తనే ప్రూఫ్ చూపించారు. ఇంజన్ పైన నల్లటి ప్లాస్టిక్ కవర్ ఉంటుంది కదా, దాన్ని తిరగేసి లోపలి వైపు చూపించారు. అక్కడ రూపాయి బిళ్ళంత గుండ్రం, చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు గడియారంలాగ, మధ్యలో బాణం గుర్తు, బాణానికి అటు ఒక అంకె ఇటు ఒక అంకె. బాణం ఏ అంకె వైపు ఉంటే ఆ నెల, అటూ ఇటూ ఉన్న రెండంకెలు కలిపితే సంవత్సరం. ఈ కవర్లో బాణం 9 వైపు ఉంది, పక్కన 1, 6. అంటే 2016 సెప్టెంబర్. "చూశారా సార్, మేం అబద్ధం చెప్పం". నేను నిజంగానే ఇంప్రెస్ అయ్యా, అడ్వాన్స్ ఇద్దామని పర్సు కూడా తీశా.

బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపి "టోపీ చూసి మనిషి వయసు చెప్తావేంట్రా" అన్నాడు. ఆ గడియారం అచ్చులో ఉంటుంది, అచ్చులో పోసిన ప్రతి ప్లాస్టిక్ ముక్క మీదా, చాలా అల్యూమినియం ముక్కల మీదా అలాంటిది ఎక్కడో ఒకచోట ఉంటుంది, కవర్ అనేది చేత్తో లాగితే ఊడొచ్చే వస్తువు, విప్పడానికి కష్టమైన ముక్కల మీద ఏముందో చూడాలి. ఇక ఫోన్ టార్చ్ వేసుకుని ఇద్దరం ఆ ఇంజన్ చుట్టూ మోకాళ్ళ మీద తిరిగాం, నా ప్యాంటు మళ్ళీ పనికిరాలేదు అది వేరే విషయం. ముందువైపు టైమింగ్ కవర్ మీద సిల్వర్ పెయింట్ కింద గడియారం దొరికింది, గోరుతో పెయింట్ గీకితే బాణం 3 వైపు, సంవత్సరం 13. గాలి వెళ్ళే ప్లాస్టిక్ గొట్టం మీద 13, నెల 2. డైనమో స్టిక్కర్ మీద డేటు, అదీ 2013. బ్లాక్ పోత ఇనుము, దాని మీద ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలు జిడ్డులో సరిగ్గా కనపడలేదు, కిరోసిన్ గుడ్డ పెట్టి తుడిచి ఫోటో తీసి జూమ్ చేస్తే అక్కడా 13 ఉంది. ఒక్క టోపీ మాత్రమే 16.

ఇక్కడ ఒక మాట. ఏదో ఒక ముక్క మీద డేటు ముందుదైనంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, పోత పోసి, మిషన్ మీద కోసి, ఇంజన్ కట్టి, బండిలో పెట్టి, ఆ బండి షోరూమ్ యార్డులో ఎండకి ఎండి చివరికి రిజిస్ట్రేషన్ అయ్యేసరికి కొన్ని నెలలు తేడా ఉండటం మామూలే. డిసెంబర్లో తయారైన బండి జనవరిలో అమ్ముడైతే అమ్మేవాడు కొత్త సంవత్సరం మోడల్ అనే అంటాడు. రబ్బరు పైపులు, బెల్టు, ఫిల్టర్ లాంటివి లెక్కలోకే తీసుకోవద్దు, అవి మార్చే వస్తువులు. విప్పని ముక్కలన్నీ నాలుగైదు నెలల తేడాలో ఒకచోటికి చేరితే అదే ఇంజన్ పుట్టిన కాలం, వాటిల్లో అన్నిటికంటే చివరి డేటు కంటే ముందు ఇంజన్ కట్టి ఉండే ఛాన్సే లేదు. నా దాంట్లో చివరిది 2013 మార్చి. నాలుగు నెలలో ఐదు నెలలో కాదు, ఏకంగా మూడున్నరేళ్ళు, దాన్ని సర్దుబాటు అనరు.

అయినా నా మనసొప్పలేదు, ఇంకో దారిలో కూడా చూద్దామని ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఒక పని చేశా, ఇది మాత్రం నా సొంత బుర్ర. ఆ ఏడంకెల నంబర్లో సంవత్సరం ఎక్కడా ఉండదు, కానీ అది తయారైన వరుసలో పెరుగుతూ పోయే నంబర్ కదా. చుట్టాల్లో, ఆఫీసులో స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ డీజిల్ ఉన్నవాళ్ళకి మెసేజ్ పెట్టా, ఆర్సీ చూసి ఇంజన్ నంబర్లో చివరి మూడంకెలు వదిలేసి మిగతావి, తయారైన నెల పంపండి అని. మా పిన్నిగారబ్బాయి "ఏంట్రా లాటరీనా" అన్నాడు. తొమ్మిది వచ్చాయి. సంవత్సరం ప్రకారం పేర్చితే ఒక్కటి కూడా వరుస తప్పలేదు, నిచ్చెన మెట్లలాగ పెరుగుతూ వెళ్ళాయి. షాపులో చూసిన ఇంజన్ నంబర్ మా ఆఫీసు కొలీగ్ డిజైర్‌కీ (2013 ఫిబ్రవరి), మా మేనమామ రిట్జ్‌కీ (2013 ఆగస్టు) సరిగ్గా మధ్యలో కూర్చుంది. 2016 బండి నంబర్ ఎక్కడో పైన ఉంది, దరిదాపుల్లో కూడా లేదు. గడియారాలూ అదే చెప్పాయి, నంబర్లూ అదే చెప్పాయి, ఇంకేం కావాలి.

మర్నాడు వెళ్ళేసరికి ఓనర్ గారు ఫోన్లో ఉన్నారు, అక్కడ పనిచేసే కుర్రాడు నట్లు కడుగుతూ ఉన్నాడు. నేనేం అడక్కుండానే మెల్లిగా "సార్ దీని కవర్ దింపేటప్పుడు పగిలిపోయింది, అది వేరేదాని కవరు" అన్నాడు. అన్నాక మళ్ళీ తలెత్తలేదు. షాపు పేరు రాయనిది ఇందుకే. ఆ రోజు అక్కడ ఉన్నది వాడొక్కడే, పేరు రాస్తే ఓనర్‌కి లెక్క కట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఓనర్ గారికి కుర్రాడి సంగతి ఎత్తకుండా ఫోటోలు చూపించా. ఆయన కోపం తెచ్చుకోలేదు, నవ్వేసి "తమ్ముడూ పదమూడైతేనేం పదహారైతేనేం, లోపల బాగుందా లేదా చూసుకో" అన్నారు. ఒళ్ళు మండింది కానీ, తర్వాత ఆలోచిస్తే సగం నిజమే అనిపించింది. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరక్కూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆర్డర్ ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది, అందుకే అప్పట్లో అక్కడ డీజిల్ బండి పదో పుట్టినరోజుకి ఎంత బాగున్నా ఆ ఊళ్ళో బతుకు ముగిసినట్టే ఉండేది. వేరే రాష్ట్రానికన్నా పోవాల్సొచ్చేది, తుక్కులోకన్నా పోవాల్సొచ్చేది. 2013 బండి అంటే 2023లో దాని టైమ్ అయిపోయింది, మా ఇంజన్ ఆటోనగర్ ఎలా చేరిందో దాంతో అర్థమైపోయింది. నిజం చెప్పి అమ్మినా కొనేవాడినే కదా, ఆ 16 టోపీ ఎందుకయ్యా పెట్టడం, దాంతోనే ఒక స్టార్ పోయింది.

ఇక రెండో ఇంజన్, ఆ 2017ది. దాన్ని కూడా వదలకుండా చూశాం. దానికి గడియారాలన్నీ 17 చూపించాయి, కవర్‌తో సహా, నంబర్ కూడా మా నిచ్చెనలో సరిగ్గా కూర్చుంది, వయసు విషయంలో ఆ ఇంజన్ సత్యహరిశ్చంద్రుడు. కాకపోతే అది డిజైర్ టూర్ లోంచి తీసింది, పసుపు బోర్డు టాక్సీ. ఆయిల్ మూత తీస్తే లోపల తారులా పేరుకుంది. బాబాయ్ దగ్గర ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా ఉంది, వెయ్యి రూపాయల వస్తువు, ఇంజెక్టర్ తీసిన బొక్కలోంచి దింపి చూస్తే బోర్ గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి. నున్నగా ఉంటే మంచిదే కదా అన్నా, కాదంట. కంపెనీలో బోర్‌కి అడ్డదిడ్డంగా సన్న జాలీ గీతలు పెడతారు, ఆయిల్ పట్టుకుని ఉండటానికి, అవి చెరిగిపోయాయంటే రింగులు లక్షల కిలోమీటర్లు రాసుకున్నాయన్నమాట. 2013 ఇంజన్లో ఆ గీతలు నాలుగు బోర్లలోనూ కనపడుతున్నాయి. రెండిటినీ నేల మీదే బ్యాటరీ, డీజిల్ డబ్బా పెట్టి స్టార్ట్ చేయించాం, దీనికి ఏమాత్రం విసుక్కోలేదు షాపువాళ్ళు, మెచ్చుకోవాలి. టాక్సీదానికి ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమని కొట్టింది, పాతదానికి చెయ్యి పెడితే తెలిసీ తెలియనంత గాలి. నాలుగేళ్ళు చిన్నది, ఆయాసం మాత్రం దానికే. కంప్రెషన్ గేజ్ పెడితే అదే తేలింది, పాతదానికి నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా వచ్చాయి.

కాబట్టి వయసు తెలిశాక కూడా ముసలిదాన్నే కొన్నా. 68 అన్నది 56కి దిగింది. ఆ రోజు పెయింట్ గీకిన గోరు పన్నెండు వేలు సంపాదించింది అనుకోవచ్చు. వయసు తెలియడం వల్ల ఇంకో లాభం, బిగించేముందు ఏమేం మార్చాలో తెలిసింది. పదకొండేళ్ళది అని తెలుసు కాబట్టి టైమింగ్ చైన్ కిట్, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీల్, థర్మోస్టాట్ అన్నీ కొత్తవి వేయించా, చైన్ సాగడం ఈ ఇంజన్లలో ఉన్న జబ్బే. ఓనర్ మాట నమ్మి అరవై వేలు తిరిగిన 2016ది అనుకుని ఉంటే చైన్ ముట్టుకునేవాళ్ళం కాదు. మా ఇంజెక్టర్లు ఏడాది క్రితమే సర్వీస్ చేయించినవి కాబట్టి అవే దీనికి పెట్టాం. అన్నీ కలిపి మొత్తం ఖర్చు 94 వేలు, అంటే మా పాత ఇంజన్నే కట్టించినా ఇంతే అయ్యేది, నవ్వుకోండి పర్లేదు, మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

మిగతా అర స్టార్ కాయితాల దగ్గర పోయింది. మొదట రాసిన బిల్లు ఎలా ఉందో తెలుసా, "పాత ఇంజన్ 1". అంతే, నంబర్ లేదు. ఆ బిల్లు దేనికీ పనికిరాదు. ఇంజన్ మారిస్తే ఆర్సీలో నంబర్ మార్పించుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు పర్మిషన్ లేకుండా మార్చినట్టయితే 14 రోజుల్లో రిజిస్టరింగ్ ఆఫీసులో చెప్పాలి, లేదంటే రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు ఇంజన్ నంబర్ కలవలేదని క్లెయిమ్ దగ్గర కూర్చోబెడతాడు. బిల్లు మళ్ళీ రాయించా, ఇంజన్ నంబర్ పూర్తిగా, ఆ ఇంజన్ తీసిన బండి నంబర్‌తో సహా. ఆ బండి ఆర్సీ కాపీ రేపిస్తా ఎల్లుండిస్తా అని తొమ్మిది రోజులు తిప్పారు, మన దగ్గర మిగిలింది ఐదు రోజులు. వచ్చాక చూస్తే తయారైన నెల 2013 ఏప్రిల్ అని ఉంది. మా లెక్క నెల తేడాలో కలిసిందని ఆ కాయితం పట్టుకుని బాబాయ్ దగ్గరికి పరిగెత్తా, పదో తరగతి రిజల్ట్స్ వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

ఇంకోటి, డబ్బులు కట్టేముందే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ళ వాహన్ సమన్వయ్ సైటులో బండి నంబర్, ఛాసిస్, ఇంజన్ నంబర్ కొట్టి దొంగ బండి కాదని చూసుకోండి. నేనైతే డబ్బులు కట్టాక చూశా, కాపీ లేటుగా వచ్చింది కాబట్టి. దేవుడి దయవల్ల క్లీన్‌గా ఉంది, లేకపోతే ఈ రివ్యూ వేరే చోట కూర్చుని రాయాల్సొచ్చేది.

వారంటీ 15 రోజులు ఇచ్చారు, అదీ స్టార్ట్ అవ్వకపోతే, పొగ కొడితే మాత్రమే. నాకు వాడే అవసరం రాలేదు. ఇప్పుడు బండి హైవే మీద లీటరుకి ఇరవై దాకా ఇస్తోంది, ఆయిల్ మార్చిన దగ్గర్నుంచి మళ్ళీ మార్చేదాకా స్టిక్ మీద గీత అంగుళం కూడా దిగట్లేదు, చలికాలం పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. డెలివరీ చెప్పిన టైముకే ఆటో ట్రాలీలో పంపారు, కింద టైరు వేసి తాళ్ళతో కట్టి జాగ్రత్తగా.

ట్రాలీ బయల్దేరేముందు మాత్రం ఓనర్ గారు ఆపారు. "సార్ మీ పాత ఇంజన్ కవర్ ఎలాగూ ఉంటుందిగా, అదే పెట్టుకోండి, మాది ఇచ్చెయ్యండి" అని ఆ కవర్ పీకి తీసుకుని షెల్ఫ్ పైన జాగ్రత్తగా పెట్టుకున్నారు. మా ఇంజన్ మీద ఇప్పుడు మా 2012 కవరే ఉంది. ఆయన కవర్‌కి ఎడమ మూల చిన్న పగులు, తిరగేస్తే బాణం 9 వైపు, అటూ ఇటూ 1, 6. ఆటోనగర్లో ఎవరికైనా కనపడితే పెయింట్ గీకి చూసి బేరం మొదలుపెట్టండి.